తడపకుండా కత్తిరించిన గుడ్డ

పోయినవారం కథ మా గుమ్మం దగ్గర ఆగింది. గుమ్మంలో పొడుగమ్మాయి నిలబడి ఉంది. నేను రమ్మననూ లేదు, పొమ్మననూ లేదు. వారం రోజులు ఆ పిల్లను అలా ఎండలో నిలబెట్టినందుకు చదివేవాళ్ళు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, ఫరవాలేదు. ఈవారం పూర్తయ్యేసరికి మీకు ఇంకాస్త పని ఉంటుంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. నేను టైలర్ని. మా ఊళ్ళో ఏటా పెద్ద సైకిలు పందెం జరుగుతుంది. గెలిచినవాళ్ళ పక్కన వేదిక మీద పూలగుత్తి పట్టుకుని, నవ్వుతూ నిలబడటానికి ఆరుగురు అందమైన అమ్మాయిల్ని పెడతారు. పదకొండేళ్ళుగా వాళ్ళ గౌన్లు కుట్టేది నేనే. నిరుడు విజేత మెడలో పతకం పడుతుండగా, పక్కనున్న పొడుగమ్మాయి అందరి ముందూ కూలిపోయింది. ఆ ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. ఎందుకు పడిపోయిందని పందెం సంఘంవాళ్ళు అడిగితే, "పొద్దుట్నుంచి ఏమీ తినలేదటండీ" అని చెప్పింది నేను.

ఆ మాట పట్టుకుని మా అమ్మాయి ఉద్యమం లేవదీసింది. మా అమ్మాయి ఆడవాళ్ళ పందెంలో సైకిలు తొక్కుతుంది. ఆడపిల్లల్ని పస్తులుంచి, ఆటస్థలంలో అలంకారానికి నిలబెట్టే పద్ధతి మానుకోవాలని అర్జీ రాసి, మూడువందల సంతకాలు పోగేసింది. అర్జీలో మొదటి వాక్యం నేను చెప్పిన మాటే. విచారణ ఈరోజు నాలుగింటికి. ఆ మాటలో నిజమెంతో ఇన్నివారాలుగా మీకు కూడా చెప్పకుండా దాటేస్తూ వచ్చాను.

సరే, లోపలికి రమ్మన్నాను. వచ్చింది. సంచీలోంచి ఒక తెల్ల చొక్కా తీసింది.

"నిన్న కొన్నాను ఆంటీ. ఎప్పుడూ తీసుకునే సైజే, కానీ వదులుగా ఉంది. పక్కలు కాస్త పట్టి ఇస్తారా? నాలుగింటికి వేసుకోవాలి."

"విచారణకా?"

"నన్నెవరూ పిలవలేదు. అయినా వెళ్తాను."

పోట్లాటకి వచ్చిందనుకున్న మనిషి చొక్కా పట్టుకుని వస్తే ఏం చెయ్యాలి? నాకు తెలిసింది ఒకటే పని. మెడలోంచి టేపు తీశాను.

మా షాపంటే మా ఇంటి ముందుగదే. కిటికీ పక్కన మిషను, గోడకి నిలువుటద్దం, మధ్యలో కత్తిరింపు బల్ల, బల్ల అంచున మేకుకి దారంతో కట్టిన కొలతల పుస్తకం. కొలిచేవాళ్ళు అంకె పైకి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. అది మా ఇంట్లో పద్ధతి. ఏడేళ్ళ వయసు నుంచీ మా అమ్మాయే రాసేది, స్పెల్లింగులు రాకముందే దానికి అంగుళాలు వచ్చు. ఆ మధ్యాహ్నం అది సైకిలు మీద సంతకాల చివరి కాగితాల కోసం వెళ్ళింది. రాసేవాళ్ళు లేరు కాబట్టి నేను పైకి చెప్పలేదని అనుకోవచ్చు. అసలు సంగతి, ఆ అంకె నా చెవిన పడటం నాకే ఇష్టం లేదు.

నడుము చుట్టూ తిప్పిన టేపు రెండు కొసలూ కలిసి, ఒకదాన్నొకటి దాటుకుని చాలా ముందుకి వెళ్ళిపోయాయి. ఇరవై రెండున్నర. వదిలేసి మళ్ళీ చుట్టాను. మళ్ళీ అంతే. వెనక నుంచి చూస్తే చొక్కా మెడలోంచి వెన్నుపూసలు ఒకటొకటిగా లెక్కపెట్టొచ్చు.

"బాగా తగ్గాను కదా ఆంటీ?" అంది అద్దంలో నా మొహం చూస్తూ, మార్కులు అడిగే పిల్లలా.

నేను గుండుసూదులు నోట్లో పెట్టుకున్నాను. నోట్లో సూదులుంటే జవాబు చెప్పక్కర్లేదు. పాతికేళ్ళ సర్వీసులో నేర్చుకున్న తెలివి అది.

"మీరు ఆ రోజు అన్నప్పట్నుంచీ చాలా జాగ్రత్తగా ఉంటున్నాను. పొద్దున ఒక యాపిల్, సాయంత్రం సూపు. మొదట్లో కష్టంగా ఉండేది. ఇప్పుడు ఆకలే వెయ్యడం లేదు." చెయ్యి ఎత్తమంటే ఎత్తింది. "ఈరోజు అక్కడ లేచి చెప్పేస్తాను ఆంటీ. తప్పు నాదని. నా ఒక్కదాని మూలంగా మిగతా ఐదుగురి పని తీసెయ్యొద్దని. వాళ్ళేం చేశారు పాపం?"

నా చేతిలో సూది చొక్కాలోకి కాకుండా నా బొటనవేల్లోకి దిగింది. దిగాల్సిన చోటే దిగింది.

సరిగ్గా అప్పుడే బయట సైకిలు గోడకి ఆనించిన చప్పుడైంది. మా అమ్మాయి చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చింది, పొడుగమ్మాయిని చూసి ఆగింది. ఇద్దరూ ఒకర్నొకరు ఏడాదిగా పేపర్లోనే చూసుకుంటున్నారు. ఒకరు రాసిన అర్జీలో ఇంకొకరు బాధితురాలు. బాధితురాలు మా ఇంట్లో చేతులు చాచి, చొక్కా నిండా గుండుసూదులతో నిలబడి ఉంటుందని అది అనుకోలేదు.

"మీరు వస్తారనుకోలేదు," అంది మా అమ్మాయి. "మాతో పాటు మాట్లాడతారా?"

"మీతో పాటు కాదండీ. మీకు ఎదురు మాట్లాడదామని."

మా అమ్మాయికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "మీ మంచికే కదా ఇదంతా."

"నా మంచి నన్నొకసారి అడిగి ఉండాల్సింది. మీ కరపత్రంలో నన్ను బొమ్మ అని రాశారు. నేను చదివాను. మా అమ్మ కూడా చదివింది."

"మిమ్మల్ని కాదు అన్నది. మిమ్మల్ని అలా నిలబెట్టినవాళ్ళని." మా అమ్మాయి బల్ల మీద కాగితాలు పడేసింది. "మూడేళ్ళ కిందట నేను మూడో స్థానంలో వచ్చాను. నూటపది కిలోమీటర్లు తొక్కి. పక్కన మీరు నిలబడ్డారు. మర్నాడు పేపర్లో మీ ఫొటో వేశారు, పక్కన నా మోచెయ్యి. నా మోచెయ్యి మా వంటింట్లో అతికించి ఉంది, చూస్తారా?"

"ఫొటో కత్తిరించింది నేను కాదుగా."

"కాదు. కానీ మీరు లేకపోతే నన్ను కత్తిరించేవాళ్ళు కాదు."

"నేను లేకపోతే ఫొటోనే వేసేవాళ్ళు కాదేమో," అంది పొడుగమ్మాయి నింపాదిగా. "ఆ రోజు నేను ఎత్తు మడమల చెప్పులతో నాలుగు గంటలు నిలబడ్డాను. మీరు కూర్చునే తొక్కారు."

నవ్వు రాకూడని చోట మా అమ్మాయికి కొంచెం నవ్వొచ్చింది. ఆ పిల్లకీ వచ్చింది. ఇద్దరి మధ్యా నేను సూదులపెట్టె పట్టుకుని నిలబడ్డాను. ఇంకో ఐదు నిమిషాలు అలా జరిగితే వీళ్ళిద్దరూ స్నేహితులైపోతారని భయం వేసింది. కూతురికి ఒక స్నేహితురాలు దొరుకుతుంటే భయపడే తల్లిని అప్పటిదాకా నేనూ చూడలేదు.

మా అమ్మాయి ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "నిలబడటం కష్టం కాదని నేననలేదు. కానీ గౌనులో పట్టాలని తిండి మాన్పించడం ఏం న్యాయం? మీరు ఆ రోజు ఏమీ తినకుండానే కదా పడిపోయారు?"

"తిన్నానండీ."

"ఏంటి?"

"రెండు గుడ్లు, నాలుగు బ్రెడ్డు ముక్కలు. ఆ రోజు తినడమే కాదు, అంతకుముందు కూడా బాగా తిన్నట్టున్నాను. అందుకే గౌను పట్టలేదు. మీ అమ్మగారే చెప్పారు, ఒళ్ళు చేశానని." కాస్త తలొంచుకుంది. "తర్వాత పేపర్లో తినలేదని వేస్తే నేను కాదనలేదు. లావై పడిపోయిందనేకంటే అదే నయం కదా."

ఇదీ సంగతి. సంఘానికి ఒక అబద్ధం చెప్పాను, తినలేదని. ఈ పిల్లకి ఇంకో అబద్ధం చెప్పాను, ఒళ్ళు చేశావని. ఈ రెండు అబద్ధాలూ ఎప్పటికీ ఒక గదిలో కలవవనుకున్నాను. కలిశాయి. అదీ నా ముందుగదిలోనే, నేను టేపు పట్టుకుని ఉండగా.

మా అమ్మాయి నావైపు చూడలేదు. చెయ్యి చాచి కొలతల పుస్తకం అందుకుంది. పేజీలు తిప్పింది. ఎక్కడుందో వెతుక్కోవలసిన పని లేదు, రాసింది అదే.

"అమ్మా, అటు ముందేడు నడుము ఇరవై ఆరు. నిరుడు పందేనికి పదిరోజుల ముందు మళ్ళీ కొలిచావు, నేనే రాశాను. ఇరవై ఆరు. ఛాతీ కూడా అంతే. పావు అంగుళం తేడా లేదు." అప్పుడు తలెత్తింది. "ఈమె ఎక్కడ ఒళ్ళు చేసింది?"

నోట్లో సూదులు అయిపోయాయి. ఇక చెప్పక తప్పలేదు.

"గుడ్డ తడపలేదే," అన్నాను.

మా అమ్మాయి టైలరు కూతురు. దానికి ఆ రెండు మాటలు చాలు. కళ్ళు మూసుకుంది. పొడుగమ్మాయికి మాత్రం అర్థం కాలేదు, ఆమెకి విడమరిచి చెప్పాను. నిరుడు గౌన్ల కోసం పంపిన పసుపు గుడ్డ పందెం రెండు రోజులుందనగా వచ్చింది. పైకి మెరుస్తుంది గానీ లోపల నూలు. నూలుగుడ్డని ముందు తడిపి, ఆరబెట్టి, ముడుచుకునేదంతా ముడుచుకున్నాకే కత్తెర పెట్టాలి. పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే పాఠం అది. తడిపితే ఒక రోజు పోతుంది. నాకు ఆ రోజు లేదు. తడపకుండా కత్తిరించాను. పందెం పొద్దున, పెట్టెలో నలిగిన గౌన్ల మీద ఆవిరి ఇస్త్రీ పెట్టేసరికి ఆరు గౌన్లూ కుదించుకుపోయాయి.

"మిగతా ఐదూ ఎలాగో ఊపిరి బిగబట్టించి ఎక్కించాను. నీది విజేత పక్కన నిలబడే గౌను, ఒంటికి అంటుకునేలా కుట్టమని వేదిక ఏర్పాట్లు చూసే పందెం మేనేజరు ముందే చెప్పాడు. అంగుళంన్నర చాలలేదు. జిప్పు పళ్ళు ఊడిపోయాయి. మేనేజరు గుమ్మంలో నిలబడి గడియారం చూస్తున్నాడు. నా తప్పు బయటపడుతుందని, ఆ క్షణంలో నోటికొచ్చింది అనేశాను. ఒళ్ళు చేశావేమే అని. నువ్వు నమ్మావు. సారీ ఆంటీ అన్నావు కూడా."

"అన్నాను," అంది ఆ పిల్ల.

"జిప్పు ఊడితే మరి గౌను ఎలా..." అని మొదలుపెట్టిన మా అమ్మాయి ఆగిపోయింది. నా చేతులవైపు చూసింది.

ఆ ప్రశ్నకి జవాబు పొడుగమ్మాయే చెప్పింది. గొంతు చాలా తగ్గించి చెప్పింది. "కుట్టేశారు. నా ఒంటి మీదే. వీపు వెనక, జోడుదారంతో. ఊపిరి వదిలెయ్యమన్నారు, వదిలాను. తర్వాత తీసుకోవడానికి చోటు లేదు."

ఆమె పడిపోగానే అందరికంటే ముందు వేదిక ఎక్కింది నేనే. టైలరమ్మకి ఆ పిల్లంటే ఎంత ప్రేమో అని జనం మెచ్చుకున్నారు. నేను ఎక్కింది కుట్టు విప్పడానికి. డాక్టరు వచ్చేలోపు చిన్న కత్తెరతో వీపున దారాలు తెంపి, ముక్కలు పిడికిట్లో బిగించుకుని దిగిపోయాను. ఆ మెప్పు ఏడాది పాటు మోశాను. ఎదురుపడ్డవాళ్ళు నమస్కారం పెడితే తీసుకున్నాను. సిగ్గులేకపోతే సరి, ఏదైనా తీసుకోవచ్చు.

"క్షమించమని అడగను," అన్నాను. "ఏ మొహం పెట్టుకుని అడగను?"

పొడుగమ్మాయి అద్దంవైపు తిరిగింది. సూదులు గుచ్చుకుంటాయని కూడా చూసుకోకుండా తన నడుము మీద రెండు చేతులూ వేసుకుంది.

"అయితే నేను లావవ్వలేదా?" అంది.

"లేదమ్మా."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. కుర్చీలో కూర్చుని, "తినడానికేమైనా ఉందా?" అంది.

మా అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళి బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్డు తెచ్చింది. ఆ పిల్ల గుడ్డు రెండుగా చీల్చి ఒక సగం పక్కన పెట్టింది, అలవాటు. పెట్టిన సగాన్ని కాసేపు చూసి, తీసుకుని అది కూడా తినేసింది. నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. నన్నెవరూ ఊరుకోబెట్టలేదు, అదీ న్యాయమే.

"మూడువందలమంది నీ అబద్ధం కింద సంతకం పెట్టారమ్మా," అంది మా అమ్మాయి. "నేను ఇల్లిల్లూ తిరిగి పెట్టించాను."

"అర్జీలో తప్పేముందే? నువ్వు అడిగింది న్యాయమే."

"అడిగింది న్యాయమే. చూపించిన కారణం దొంగది. ఆకలితో పడిపోలేదు ఈమె."

"ఇప్పుడైతే పడిపోతానేమో," అంది పొడుగమ్మాయి బ్రెడ్డు నములుతూ. "అప్పుడు అబద్ధమైనదాన్ని ఇప్పుడు నిజం చేశాను." ఆమె హాస్యానికి అందో ఏమో, మాకు నవ్వు రాలేదు.

మా అమ్మాయి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నాలుగింటికి నువ్వే చెప్పాలి. మొత్తం. గుడ్డ సంగతీ, కుట్టేసిన సంగతీ. ఒక మనిషి ఊపిరి కంటే ఆ ఫొటో ముఖ్యమైందంటే, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"వద్దు," అంది పొడుగమ్మాయి. బ్రెడ్డు కింద పెట్టేసింది. "గుడ్డ సంగతి చెప్పండి ఆంటీ, నేను తిన్నానని చెప్పండి. కుట్టేసిన సంగతి మాత్రం వద్దు. పడిపోయిన అమ్మాయి అని ఏడాదిగా అంటున్నారు, భరించాను. బస్తా మూతి కుట్టినట్టు కుట్టేసిన అమ్మాయి అంటారు. అది నాతో పాటు ముసలిదాన్నయ్యేదాకా ఉంటుంది. నావల్ల కాదు." నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "మాటివ్వండి."

ఈ పిల్ల ఏం అడిగినా కాదనే హక్కు నాకు లేదు. ఇచ్చాను. మా అమ్మాయి మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. కాగితాలు సర్దుకుని, సైకిలు తీసుకుని మాకంటే ముందే వెళ్ళిపోయింది. నేను చొక్కా పక్కలు కుట్టాను. విప్పుకోవడానికి వీలుగా, పెద్ద పెద్ద కుట్లు వేశాను. ఆ పిల్ల మళ్ళీ ఒళ్ళు చెయ్యాలని మనసారా కోరుకుంటూ కుట్టాను.

సంఘం హాల్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. గోడవారగా అద్దాల బీరువాలో పాత కప్పులు, పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాను. అధ్యక్షుడు పెద్దాయన, ఒకప్పుడు తనూ తొక్కినవాడే. ఎడమవైపు బల్ల దగ్గర మా అమ్మాయి, కుడివైపు మేనేజరు. పొడుగమ్మాయి మూడో వరసలో కూర్చుంది. నన్ను ముందు పిలిచారు.

చెప్పాను. గుడ్డ తడపలేదని, గౌను అంగుళంన్నర కుదించుకుపోయిందని, బిగుతుకి ఊపిరాడక ఆ అమ్మాయి పడిపోయిందని. కడుపునిండా తినే వచ్చిందని, ఒళ్ళు ఏమాత్రం చెయ్యలేదని. తినలేదని నిరుడు చెప్పింది అబద్ధమని, ఆ అబద్ధం నాదేనని. హాల్లో గుసగుసలు లేచాయి. పదకొండేళ్ళ పేరు పది వాక్యాల్లో పోయింది. పోయినందుకు బాధ కలగలేదు.

మేనేజరు లేచాడు. మొహం వెలిగిపోతోంది. "విన్నారు కదండీ. తప్పు గుడ్డది, టైలరుది. మన ఆనవాయితీది కాదు. అమ్మాయిలు ఉంటేనే వేదికకి కళ. వచ్చే ఏడు వేరే టైలర్ని పెట్టుకుంటాం, సరిపోతుంది. ఈ అర్జీకి ఇక ఆధారమే లేదు."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, అర్జీ మూసి పక్కన పెట్టబోయాడు. మేనేజరు కూర్చుంటూ నావైపు చూసి తల ఊపాడు, మంచిపని చేశావు అన్నట్టు. సగం నిజం చెబితే దాన్ని ఎవరు ఎత్తుకుపోతారో అప్పుడు తెలిసింది నాకు.

"ఆగండి," అంది మా అమ్మాయి. మైకు దగ్గరికి లాక్కుంది. "సాక్షిని ఒక ప్రశ్న అడగాలి. అర్జీదారుకి ఆ హక్కుంది."

అధ్యక్షుడు తల ఊపాడు.

"టైలర్ గారూ," అంది. పుట్టి పాతికేళ్ళలో అది నన్ను మీరు అనడం అదే మొదటిసారి. "గౌను అంగుళంన్నర కుదించుకుపోయిందన్నారు. అంత బిగుతైతే జిప్పు పడదు. జిప్పు పడని గౌనుతో ఆ అమ్మాయి వేదిక మీదికి ఎలా వచ్చింది? ఎవరు పంపమంటే పంపారు?"

మేనేజరు మొహంలో వెలుగు పోయింది. జవాబు చెబితే మాటిచ్చిన పిల్లకి ద్రోహం. చెప్పకపోతే కన్నకూతురి కళ్ళలోకి చూస్తూ ఇంకో అబద్ధం. నేను మూడో వరసవైపు చూశాను. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. పొడుగమ్మాయి కుర్చీల మధ్య దారిలో నడుచుకుంటూ, తిన్నగా మైకు దగ్గరికి వస్తోంది.